సర్వరు పేరు ఎవరు చెప్పాలి?

లినక్స్ సర్వరులోకి లాగిన్ కాగానే తెర మీద మొదట కనిపించేది దాని పేరు. 'అడ్మిన్ ఎట్ హైద్-డీబీ-02' అని ఒక చిన్న వరుస, చివర డాలరు గుర్తు, ఆ పక్కన మిణుకుమనే కర్సరు. అర్ధరాత్రి డేటాబేసు ఆపాల్సిన పని పడ్డ ఇంజనీరు నాలుగు టెర్మినళ్లు తెరిచి పెట్టుకుని ఉంటాడు. నాలుగూ నల్లగా ఒకే తీరున ఉంటాయి. ఏది జనం వాడుతున్న సర్వరో, ఏది పరీక్షల కోసం పెట్టుకున్నదో అతనికి చెప్పేది ఆ వరుసలోని పేరొక్కటే. ఆ పేరు తప్పయితే ఆగాల్సింది నడుస్తూనే ఉంటుంది, నడవాల్సింది ఆగిపోతుంది.

పేరుతో పని అక్కడితో తీరదు. సిస్టమ్ లాగు ఫైలులో మామూలుగా ప్రతి పంక్తికీ తేదీ, సమయం తర్వాత వచ్చేది ఈ పేరే, అంటే హోస్ట్‌నేమే. ఏ యంత్రంలో డిస్కు నిండిందో హెచ్చరిక పంపే మానిటరింగ్ వ్యవస్థ దాన్ని పేరుతోనే గుర్తుపడుతుంది. మెయిలు సర్వరు ఇంకో మెయిలు సర్వరు తలుపు తట్టినప్పుడు ముందుగా తన పూర్తి పేరు చెప్పుకోవాలి. అది సరిగా లేకపోతే అవతలివాళ్లు ఆ ఉత్తరాన్ని స్పామ్ కింద జమకట్టే అవకాశం ఎక్కువ. అయినా చాలాచోట్ల పేరు పెట్టడాన్ని లెక్కలోకి తీసుకోరు. ఒక కమాండు కొడితే అయిపోయే పని అనుకుంటారు. ఒక్క యంత్రమైతే నిజంగానే అంతే. మూడు వందల యంత్రాలుండి, వాటిలో కొన్ని వారం వారం పుట్టి పోతూ ఉంటే మాత్రం, ఏ యంత్రం పేరు ఏమిటో నిర్ణయించే అధికారం ఎక్కడుందన్న ప్రశ్న ముందుకొస్తుంది. సర్వర్ల అమరికలన్నిటినీ ఒకచోటి నుంచి నిర్వహించే కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ అనే విద్య ఆ ప్రశ్నకు చెప్పే జవాబు నాకు ఎంతో ఇష్టం. పేరు సొంతదారు యంత్రం కాదని అది తేల్చి చెబుతుంది.

పేరు ఉండే చోట్లు

నడుస్తున్న లినక్స్ యంత్రం పేరు కెర్నెల్ జ్ఞాపకంలో ఉంటుంది. దానికి కెర్నెల్ ఇచ్చిన చోటు 64 అక్షరాలు. యూనేమ్ అనే పాత యూనిక్స్ కమాండు అడిగి తెచ్చేది ఈ పేరునే. మార్చాలంటే సెట్‌హోస్ట్‌నేమ్ అనే సిస్టమ్ కాల్ చేయాలి, దానికి రూట్ అధికారం కావాలి. ఇది జ్ఞాపకంలో ఉన్న పేరు కాబట్టి రీబూట్ అయితే పోతుంది. అందుకే అదే పేరును డిస్కు మీద కూడా ఒక ఫైలులో రాసిపెడతారు. యంత్రం లేచేటప్పుడు ఆ ఫైలు చదివి కెర్నెల్‌కు మళ్లీ పేరు చెబుతుంది.

ఆ ఫైలు ఎక్కడుండాలన్న దాని మీద చాలా ఏళ్లపాటు ఎవరి పద్ధతి వారిది. డెబియన్‌లో అది ఈటీసీ డైరెక్టరీలో హోస్ట్‌నేమ్ అనే ఫైలు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6 వరకు సిస్‌కాన్ఫిగ్ కింద నెట్‌వర్క్ అనే ఫైలులో ఒక పంక్తి. ఫ్రీబీఎస్‌డీలో ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో ఇంకో పంక్తి. ఓపెన్‌బీఎస్‌డీలో మైనేమ్ అనే ఫైలు. 2010లో లెనార్ట్ పొట్టరింగ్, కే సీవర్స్ మొదలుపెట్టిన సిస్టమ్‌డీ వచ్చాక చాలా లినక్స్ పంపిణీలు డెబియన్ దారికి వచ్చాయి. 2014లో విడుదలైన రెడ్‌హ్యాట్ 7 వాటిలో ఒకటి.

సిస్టమ్‌డీ పేర్లను మూడు రకాలుగా విడదీసింది. డిస్కు మీద రాసి ఉన్నది స్టాటిక్. ఈ క్షణాన కెర్నెల్‌లో ఉన్నది ట్రాన్సియెంట్. నెట్‌వర్కులోని డీహెచ్‌సీపీ సర్వరు ఐపీ చిరునామాతో పాటు ఒక పేరు కూడా ఇవ్వగలదు, స్టాటిక్ పేరు లేనప్పుడు అది ఇక్కడికి చేరుతుంది. మూడోది ప్రెటీ. ఇది మనుషులు చదువుకోవడానికి మాత్రమే, ఇందులో ఖాళీలూ ఉండొచ్చు, తెలుగులోనూ రాయొచ్చు. 'నాన్నగారి లాప్‌టాప్' అని పెట్టుకున్నా ఒప్పుకుంటుంది. మ్యాక్‌లో కూడా మూడు పేర్లుంటాయి, వాటి పేర్లూ పనులూ వేరు.

ఇవి కాక పూర్తి పేరు ఒకటుంది. 'హైద్-డీబీ-02' పొట్టి పేరు. దాని వెనక సంస్థ డొమైన్ చేరిస్తే పూర్తి పేరు. చాలా లినక్స్ యంత్రాల్లో ఈ పూర్తి పేరు ఎక్కడా అచ్చంగా దాచి ఉండదు. అడిగినప్పుడల్లా వెతికి పట్టుకోవాల్సిందే. హోస్ట్‌నేమ్ కమాండుకు ఎఫ్ అనే ఆప్షన్ ఇచ్చి అడిగితే, అది పొట్టి పేరు పట్టుకుని సాధారణంగా ముందు పేర్లకు చిరునామాలు రాసి ఉండే హోస్ట్స్ ఫైలులో, అక్కడ లేకపోతే అదే పనిని నెట్‌వర్కులో చేసే డీఎన్ఎస్‌లో వెతుకుతుంది. హోస్ట్స్ ఫైలులో ఆ యంత్రం పంక్తిలో మొదట ఏ పేరు ఉంటే అదే అసలు పేరుగా చెబుతుంది. పూర్తి పేరు ముందు, పొట్టి పేరు తర్వాత రాయాలి. ఆ రెండూ తారుమారైతే పొట్టి పేరే పూర్తి పేరుగా వచ్చేస్తుంది. దాన్ని నమ్ముకున్న మెయిలు సర్వరు సగం పేరు చెప్పుకుని భంగపడుతుంది. డెబియన్, ఉబుంటుల్లో ఈ పంక్తికి 127.0.1.1 అనే చిరునామా వాడతారు. ఆ చివరి నుంచి రెండో అంకె సున్నా కాకుండా ఒకటి ఎందుకయిందని మొదటిసారి చూసినవాళ్లు తికమకపడతారు. శాశ్వతమైన ఐపీ లేని యంత్రానికి కూడా తన పేరుకు ఏదో ఒక చిరునామా దొరకాలని, లోకల్‌హోస్ట్‌తో కలిసిపోకుండా ఉండాలని చేసిన ఏర్పాటది.

ఒకే జాబితా ఉన్న రోజులు

ఆ హోస్ట్స్ ఫైలు వంశం పెద్దదే. ఇంటర్నెట్‌కు ముందు రూపమైన ఆర్పానెట్ 1969లో మొదలైంది. దానిలోని కంప్యూటర్లన్నిటి పేర్లూ చిరునామాలూ ఒకే ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో ఉన్న ఎస్ఆర్ఐ సంస్థలోని నెట్‌వర్క్ ఇన్ఫర్మేషన్ సెంటర్ దాన్ని చూసుకునేది. 1972 నుంచి 1989 వరకు ఆ పని నడిపినావిడ ఎలిజబెత్ ఫైన్లర్. కొత్త కంప్యూటరు చేర్చాలన్నా, ఉన్నదాని పేరు మార్చాలన్నా ఆ కేంద్రానికి చెప్పుకోవాలి. వాళ్లు ఫైలు సవరించి పెడితే మిగతావాళ్లు దింపుకునేవారు. ఎవరి దగ్గరున్న ప్రతి ఎన్నాళ్ల పాతదో, ఆ మేరకు వాళ్లకు లోకం పాతగా కనిపించేది.

యంత్రాలు పెరిగేకొద్దీ ఆ ఫైలు బరువెక్కింది. ఇద్దరు ఒకే పేరు కోరుకుంటే చిక్కే. 1983 నవంబరులో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో పాల్ మొకాపెట్రిస్ రాసిన రెండు పత్రాలు డీఎన్ఎస్‌కు పునాది వేశాయి. ఒకే పెద్ద జాబితా బదులు, ఎవరి డొమైన్‌లోని పేర్లకు వారే బాధ్యులు. మనం ఇప్పుడు వాడే రూపం 1987 నవంబరు నాటిది. అందులో చుక్కకూ చుక్కకూ మధ్య ముక్క 63 అక్షరాలకు మించరాదు.

పేరులో ఏమేం ఉండవచ్చో కూడా ఆ రోజుల్లోనే తేల్చారు. 1985 నాటి నియమం ప్రకారం అక్షరాలు, అంకెలు, హైఫన్, చుక్క మాత్రమే ఉండాలి, నిడివి 24 దాటకూడదు, మొదట అక్షరమే రావాలి. 1989లో అంకెతోనూ మొదలుపెట్టవచ్చన్నారు, నిడివి కూడా పెంచారు. అండర్‌స్కోర్‌కు మాత్రం చోటు దొరకలేదు. ప్రోగ్రామర్లకు అండర్‌స్కోర్ అలవాటైన అక్షరం కావడంతో నేటికీ ఎవరో ఒకరు హోస్ట్‌నేమ్‌లో దాన్ని పెడతారు. కెర్నెల్ అడ్డు చెప్పదు. కొన్నాళ్లకు ఏదో ఒక లైబ్రరీ ఆ పేరును చెల్లదని తిప్పికొట్టినప్పుడు బయటపడుతుంది. మన లిపికీ ఇదే గీత అడ్డం. 'డాట్ భారత్' అనే డొమైన్ తెలుగు లిపిలో ఉంది. కానీ డీఎన్ఎస్ లోపల అది 'ఎక్స్ఎన్' అనే అక్షరాలతో, రెండు హైఫన్లతో మొదలయ్యే రోమన్ అక్షరాల వరుసగా మారి ప్రయాణిస్తుంది. బ్రౌజరు దాన్ని మళ్లీ మన కళ్లకు తెలుగులో చూపిస్తుంది.

విండోస్ యంత్రాలుంటే పేరు 15 అక్షరాలలో ఇముడ్చుకోవాలి. నెట్‌బయోస్ అనే పాత పద్ధతిలో పేరుకు 16 బైట్లు, చివరి బైటు అది ఏ రకం సేవో చెప్పడానికి పోతుంది. లినక్సూ విండోసూ కలిపి నడిపే సంస్థ పేర్ల పద్ధతి ఆలోచించేటప్పుడు ఆ 15తోనే మొదలుపెట్టడం మంచిది.

ఆజ్ఞ నుంచి వర్ణనకు

ఇన్ని యంత్రాలకు చేత్తో పేర్లు పెట్టే పనిలో అలసట ఒక్కటే సమస్య అయితే షెల్ స్క్రిప్టు చాలు. మూడు వందల యంత్రాల మీద ఒక లూప్ తిప్పితే సరిపోతుంది. కానీ నలభయ్యో యంత్రం ఆ సమయంలో ఆపి ఉంది. నూట పదోదానిలో స్క్రిప్టు సగంలో తెగింది. మళ్లీ మొత్తం నడిపితే, హోస్ట్స్ ఫైలు చివర ఒక పంక్తి చేర్చే భాగం ఇప్పటికే చేర్చిన చోట రెండోసారి చేరుస్తుంది. పది నెలల తర్వాత ఆ ఫైలు తెరిస్తే ఒకే పేరుకు మూడు పంక్తులు, వాటిలో రెండు పాత చిరునామాలు. ఇలాంటి ఫైళ్లు చూడని సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు ఉండరు.

ఓస్లో విశ్వవిద్యాలయంలో సైద్ధాంతిక భౌతిక శాస్త్రం మీద పనిచేస్తున్న మార్క్ బర్జెస్ 1993లో ఈ చిక్కును మరో వైపు నుంచి పట్టుకున్నాడు. ఆయన రాసిన సీఎఫ్‌ఇంజిన్‌కు 'ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి' అని చెప్పరు. యంత్రం ఎలా ఉండాలో రాసి ఇస్తారు. ఉన్న స్థితికీ ఉండాల్సిన స్థితికీ తేడా ఎక్కడుందో అదే చూసుకుని ఆ తేడా మేరకు సరిచేస్తుంది. తేడా లేకపోతే ఏమీ ముట్టుకోదు. ఎన్నిసార్లు నడిపినా యంత్రం ఆ వర్ణనకే చేరుతుంది. ఒకసారి చేసినా పదిసార్లు చేసినా ఫలితం ఒకటే అయ్యే క్రియలను గణితంలో ఐడెంపొటెంట్ అంటారు. ఆ మాట అమెరికా గణితవేత్త బెంజమిన్ పర్స్ 1870లో తన బీజగణిత గ్రంథం కోసం సృష్టించుకున్నది. నూట ఇరవై ఏళ్లు దాటాక అది సర్వరు గదుల్లో రోజువారీ మాట అయింది.

ఆ దారిలోనే 2005లో ల్యూక్ కనీస్ పపెట్, 2009లో షెఫ్, 2011లో సాల్ట్ వచ్చాయి. 2012లో మైకేల్ డిహాన్ యాన్సిబుల్ తెచ్చాడు. ఆ మాట మొదట పుట్టింది ఉర్సులా లెగ్విన్ నవలలో. 1966 నాటి ఆ నవలలో యాన్సిబుల్ అంటే నక్షత్రాల మధ్య దూరాన్ని లెక్కచేయకుండా తక్షణం కబురు పంపే పరికరం. యాన్సిబుల్ సర్వరు మీద ముందుగా ఏ ప్రోగ్రామూ పెట్టనక్కర్లేదు. ఎస్ఎస్‌హెచ్ దారి, అక్కడ పైథాన్ ఉంటే చాలు. 2015లో రెడ్‌హ్యాట్ ఆ సంస్థను కొన్నది. మన దగ్గర ఐటీ ఉద్యోగాల ప్రకటనల్లో తరచూ కనిపించే పేరు కాబట్టి, హోస్ట్‌నేమ్ పని ఎలా జరుగుతుందో దానిలోనే దగ్గరగా చూద్దాం.

యాన్సిబుల్‌లో మొదట ఇన్వెంటరీ ఉంటుంది. ఏయే యంత్రాలున్నాయి, ఏది ఏ గుంపులోది అని రాసిన పట్టిక అది. రెండోది ప్లేబుక్, ఏ గుంపు ఎలా ఉండాలో చెప్పే ఫైలు. అందులో హోస్ట్‌నేమ్ అనే మాడ్యూల్‌ను పిలిచి, పేరు ఉండాల్సిన చోట ఇన్వెంటరీ హోస్ట్‌నేమ్ అనే చలరాశి రాస్తారు. అంటే 'నా పట్టికలో నిన్ను ఏ పేరుతో రాసుకున్నానో అదే నీ పేరు' అని అర్థం. మొత్తం రెండు పంక్తులు. పట్టికలో మూడు వందల పేర్లుంటే ఆ రెండు పంక్తులే మూడు వందల యంత్రాలకూ సరిపోతాయి.

నడిపినప్పుడు ఆ మాడ్యూల్ ముందు అవతలి యంత్రం ఏ రకందో చూస్తుంది. సిస్టమ్‌డీ ఉంటే ఒక దారి, ఫ్రీబీఎస్‌డీ అయితే ఇంకో దారి, మ్యాక్ అయితే మూడు పేర్లూ మార్చే దారి. పైన చెప్పుకున్న ఆ ఫైళ్ల గందరగోళమంతా దాని కడుపులో ఉంటుంది, మనకు కనిపించదు. తర్వాత కెర్నెల్‌లో ఉన్న పేరునూ డిస్కు మీద ఉన్న పేరునూ విడివిడిగా చదువుతుంది. రెండూ కావాల్సిన పేరే అయితే ఆకుపచ్చ రంగులో ఓకే అంటుంది. ఏ ఒక్కటి వేరైనా దాన్ని మార్చి పసుపు రంగులో చేంజ్‌డ్ అంటుంది. ఈ పసుపు చాలా విలువైనది. నిన్న అంతా ఆకుపచ్చగా ఉండి ఈ రోజు ఒక్క యంత్రం దగ్గర పసుపు వచ్చిందంటే, మధ్యలో ఎవరో చేత్తో పేరు మార్చారన్నమాట. ఎవరు, ఎందుకు అని అడగడానికి అదే మొదటి ఆనవాలు.

ఇక్కడే ఒక సన్నని పొరపాటు చాలా ప్లేబుక్‌లలో దూరుతుంది. యాన్సిబుల్ ప్రతి యంత్రం నుంచి ముందుగా వివరాలు సేకరిస్తుంది. వాటిలో యంత్రం తనకున్నదని చెప్పుకునే పేరు కూడా ఒకటి, దాని చలరాశి యాన్సిబుల్ హోస్ట్‌నేమ్. ఇన్వెంటరీ హోస్ట్‌నేమ్ అని రాయాల్సిన చోట అది రాస్తే ఏమవుతుంది? యంత్రాన్నే 'నీ పేరేమిటి' అని అడిగి, అది చెప్పిన పేరునే దానికి మళ్లీ పెట్టినట్టవుతుంది. తప్పు పేరున్న యంత్రం తప్పు పేరుతోనే ఉంటుంది. తెరంతా ఆకుపచ్చ. ప్లేబుక్ ఏ ఫిర్యాదూ చేయదు. పేరు విషయంలో అధికారం యంత్రానికి వెలుపల ఉండాలని నేను ఇంత గట్టిగా అనడానికి కారణం ఇదే. యంత్రం చెప్పే మాటను పోల్చి చూసుకోవడానికి వాడాలి, నిర్ణయానికి వాడకూడదు.

ఆ మాడ్యూల్ చేయని పని కూడా ఒకటుంది. హోస్ట్స్ ఫైలు జోలికి తాను వెళ్లనని దాని పత్రాల్లోనే స్పష్టంగా రాసి ఉంటుంది. ఆ మాట చదవకుండా పేరు మార్చినవాళ్లకు రూట్ అధికారంతో పనులు నడిపే సుడో కమాండు మరుసటిసారి వాడగానే 'హోస్టును రిజాల్వ్ చేయలేకపోతున్నాను' అనే హెచ్చరిక ఎదురవుతుంది. కొత్త పేరు కెర్నెల్‌లో ఉంది. హోస్ట్స్ ఫైలులో ఇంకా పాతదే. సుడో తన యంత్రం పేరుకు చిరునామా వెతికి దొరక్క చెప్పే మాట అది. డీఎన్ఎస్ మందకొడిగా ఉంటే ప్రతి కమాండుకూ కొన్ని సెకన్లు ఆగుతుంది కూడా. ప్లేబుక్‌లో తర్వాతి మెట్లన్నీ సుడోతో నడిచేవే అయితే ఆ సెకన్లన్నీ పోగవుతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కొత్త పేరున్న పంక్తిని ముందు హోస్ట్స్ ఫైలులో చేర్చి, ఆ తర్వాతే పేరు మారుస్తారు. చేర్చడం కూడా చివర అతికించడం కాదు, ఆ పంక్తి ఉన్నచోటే మార్చే మాడ్యూలో, మొత్తం ఫైలును ఒక మూస నుంచి రాసే పద్ధతో వాడతారు. లేకపోతే మళ్లీ ఆ మూడు పంక్తుల ఫైలే.

పేరు మార్చేవాడు పేరుతోనే గుర్తుపడితే

యాన్సిబుల్ బయటి నుంచి వచ్చి తలుపు తడుతుంది కాబట్టి యంత్రం తనను తాను ఏమని పిలుచుకున్నా దానికి ఇబ్బంది లేదు. పపెట్ తీరు వేరు. అక్కడ ప్రతి సర్వరు మీదా ఒక ఏజెంటు ఉంటుంది. అదే వెళ్లి కేంద్రాన్ని 'నేను ఎలా ఉండాలి' అని అడుగుతుంది. అడిగేది ఎవరో కేంద్రానికి తెలియడానికి ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది. మనం వేరే చెప్పకపోతే ఆ సర్టిఫికెట్ మీద ఉండేది ఆ యంత్రం పూర్తి పేరే.

పపెట్‌తోనే పేరు మార్చామనుకుందాం. ఈసారి పని సవ్యంగా జరుగుతుంది. తర్వాతి వంతులో ఏజెంటు తన కొత్త పేరు మీద సర్టిఫికెట్ కోసం వెతుకుతుంది. అది లేదు. కొత్త తాళం చేసుకుని కొత్త సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెడుతుంది. కేంద్రం దృష్టిలో ఇది ఎవరో కొత్త యంత్రం. ఎవరైనా సంతకం పెట్టేదాకా దానికి ఏ సూచనా అందదు. పాత పేరు మీద ఉన్న యంత్రమేమో కనిపించకుండా పోయినట్టు నివేదికలో పడుతుంది. దీనికి విరుగుడు తేలికే. ఏజెంటు అమరికల్లో సర్టిఫికెట్ పేరును హోస్ట్‌నేమ్‌తో ముడిపెట్టకుండా విడిగా రాసిపెట్టాలి. సాల్ట్‌లో సరిగ్గా దీనికి ఎదురు సమస్య. దాని ఏజెంటు మొదటిసారి లేచినప్పుడు తన గుర్తింపును ఒక ఫైలులో రాసుకుంటుంది. ఆ తర్వాత హోస్ట్‌నేమ్ ఎంత మారినా కేంద్రం దాన్ని పాత పేరుతోనే పిలుస్తుంది. రెండు పనిముట్లూ తమ తమ లెక్కలో సరైనవే. గుర్తింపూ పేరూ వేర్వేరు విషయాలని మొదటి రోజే ఒప్పుకుని వాటిని విడదీసిన బృందాలకు రెండింటితోనూ ఇబ్బంది రాదు.

సాఫ్ట్‌వేర్‌లలో పేరును గుండెల్లో దాచుకునేవి కొన్నుంటాయి. సందేశాల వరుసలు నడిపే రాబిట్‌ఎంక్యూ వాటిలో ఒకటి. తన నోడ్ పేరులో హోస్ట్‌నేమ్‌ను కలుపుకుంటుంది, డేటా పెట్టుకునే డైరెక్టరీకి ఆ నోడ్ పేరే పెడుతుంది. హోస్ట్‌నేమ్ మార్చి దాన్ని మళ్లీ లేపితే కొత్త పేరుతో కొత్త డైరెక్టరీ తెరుచుకుని ఖాళీగా కూర్చుంటుంది. వరుసలు లేవు, వాడుకదారులు లేరు. చూసినవాళ్లకు డేటా అంతా తుడిచిపెట్టుకుపోయిందని కాళ్లు చేతులు ఆడవు. నిజానికి పాత డైరెక్టరీ పక్కనే భద్రంగా ఉంటుంది. అది తెలియక కంగారులో ఎవరైనా శుభ్రం చేయబోతే మాత్రం నిజమైన నష్టం అప్పుడు జరుగుతుంది. అందుకే నడుస్తున్న సర్వరు పేరు మార్చే ప్లేబుక్‌ను నేను చిన్న సవరణగా చూడను. కొత్త సర్వరుకు పుట్టినప్పుడే పేరు పెట్టడం వేరు, పదేళ్లుగా పనిచేస్తున్న దానికి పేరు మార్చడం వేరు.

క్లౌడ్‌లో పుట్టిన యంత్రానికైతే మనం చేరుకునేలోపే ఒక పేరు పడిపోయి ఉంటుంది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన రీజియన్ తెరిచింది. అక్కడ ఒక వర్చువల్ మెషీన్ తీసుకుంటే మామూలుగా దాని పేరు 'ఐపీ' అనే అక్షరాలతో మొదలై, హైఫన్లతో విడదీసిన లోపలి చిరునామా అంకెలతో ఉంటుంది, ఐపీ-10-0-1-25 అన్నట్టు. ఆ పేరు పెట్టేది క్లౌడ్ఇనిట్ అనే ప్రోగ్రాము. యంత్రం మొదటిసారి లేచినప్పుడు క్లౌడ్ సంస్థ ఇచ్చే వివరాలు చదివి పేరు, తాళాలు, నెట్‌వర్కు అమర్చడం దాని పని. మనం ప్లేబుక్‌తో చక్కగా 'హైద్-వెబ్-07' అని పెట్టాక కూడా, కొన్ని ఇమేజీల్లో రీబూట్ అవగానే ఆ అంకెల పేరు తిరిగి రావచ్చు. తర్వాత ప్లేబుక్ నడిస్తే మళ్లీ మన పేరు. పసుపు, ఆకుపచ్చ, మళ్లీ పసుపు. ఒకే పేరుకు ఇద్దరు సొంతదారులుంటే జరిగేది ఇదే. క్లౌడ్ఇనిట్ అమరికల్లో ప్రిజర్వ్ హోస్ట్‌నేమ్ అనే దానికి ట్రూ అని రాస్తే అది పక్కకు తప్పుకుంటుంది. లేదా అసలు పేరునే యంత్రం పుట్టించేటప్పుడు క్లౌడ్ఇనిట్ చేతిలో పెట్టి, ప్లేబుక్‌ను పరిశీలన వరకే ఉంచవచ్చు. రెండింటిలో ఏదైనా మంచిదే. రెండూ సగం సగం చేయడమే మంచిది కాదు.

అసలు ఏ పేరు పెట్టాలన్నది కూడా తేలిక ప్రశ్న కాదు. 1990 ఆగస్టులో డాన్ లైబ్స్ దీని మీదే ఆర్ఎఫ్‌సీ అనే ఇంటర్నెట్ పత్రాల వరుసలో ఒకటి రాశాడు. ఆయన సలహాల్లో నాకు బాగా నచ్చినది, ఒక ప్రాజెక్టు పేరును యంత్రానికి పెట్టవద్దన్నది. ప్రాజెక్టు ముగుస్తుంది, యంత్రం ఇంకో పనికి మారుతుంది, పేరు మాత్రం పాత పని చెబుతూనే ఉంటుంది. ఈ రోజుకీ 'పేరోల్' అని పేరున్న సర్వరులో జీతాల లెక్క తప్ప అన్నీ నడుస్తుండటం కనిపిస్తుంది. యంత్రానికి మారని పేరు ఒకటి పెట్టి, అది చేసే పనిని డీఎన్ఎస్‌లో మారుపేరుగా చూపడం మేలు. పని మారితే మారుపేరు ఇంకో యంత్రం వైపు తిప్పితే చాలు, యంత్రం పేరు కదలదు.

2012 ప్రాంతంలో క్లౌడ్ ఇంజనీర్లలో ఒక పోలిక పాకింది. బిల్ బేకర్ అన్న మాటను రాండీ బయాస్ ప్రచారంలోకి తెచ్చాడు. పాత సర్వర్లు పేరు పెట్టి పెంచుకునే పెంపుడు జంతువులని, కొత్తవి అంకె వేసి నడిపే మందలని. మన పల్లెల్లో కొట్టంలో పది పశువులున్నా గంగి, గౌరి, రాముడు అని పిలుచుకుంటారు కాబట్టి ఈ విభజన మనకు అంత సూటిగా అతకదు. కానీ ఆ పోలిక చెప్పదలచింది నిజం. డాకర్ కంటెయినరుకు మనం ఏమీ చెప్పకపోతే దాని గుర్తింపు సంఖ్యలోని మొదటి 12 అక్షరాలే హోస్ట్‌నేమ్ అవుతాయి. అది పోతే పేరూ పోతుంది, ఎవరూ వెతకరు. 2006 నుంచి లినక్స్ కెర్నెల్‌లో ఉన్న ఒక ఏర్పాటు వల్ల ఒకే యంత్రంలో వందల కంటెయినర్లు వేటి హోస్ట్‌నేమ్ వాటికి పెట్టుకోగలుగుతున్నాయి. అయినా డేటాబేసు దగ్గరికి వచ్చేసరికి కంటెయినర్లను నడిపించే కుబర్నెటిస్ కూడా స్టేట్‌ఫుల్‌సెట్ అనే పద్ధతిలో సున్నా, ఒకటి, రెండు అని స్థిరమైన పేర్లు ఇవ్వక తప్పలేదు. డేటా ఉన్నచోట ఎవరు ఎవరో తెలియాలి.

కాబట్టి పాత సర్వర్ల పేర్లు మార్చాల్సి వస్తే జాగ్రత్తగా పనిచేసే బృందాలు ఒక వరుస పాటిస్తాయి. ముందు ఇన్వెంటరీలో కొత్త పేరు రాసి, ఆ మార్పును గిట్‌లో ఇంకొకరి చేత చూపించుకుంటారు. ప్లేబుక్‌ను చెక్ మోడ్‌లో నడిపి, ఏదీ ముట్టుకోకుండానే ఏవి పసుపు అవుతాయో చూస్తారు. ఊహించిన యంత్రాలే పసుపు అయితే కొత్త పేరును డీఎన్ఎస్‌లో చేర్చి, హోస్ట్స్ ఫైలు సరిచేసి, ఒకేసారి అన్నిటి మీద పడకుండా ఒకటి రెండు యంత్రాలతో మొదలుపెడతారు. లాగులు రాసే ప్రోగ్రాములను, పేరును పట్టుకుని కూర్చున్న సేవలను తిరిగి లేపుతారు. ఒక్కసారి రీబూట్ చేసి పేరు నిలిచిందో లేదో చూస్తారు, క్లౌడ్ఇనిట్ సంగతి తేలేది అక్కడే. ఆ తర్వాత మళ్లీ ప్లేబుక్ నడిపితే అంతా ఆకుపచ్చ రావాలి. పాత పేరును మాత్రం వెంటనే తీసేయరు. డీఎన్ఎస్‌లో కొన్ని వారాలు అలాగే ఉంచి, ఇంకా దాన్ని అడుగుతున్నది ఏ స్క్రిప్టో, ఏ బ్యాకప్ పనో లాగులో వెతికి, ఒక్కొక్కదాన్నీ కొత్త పేరుకు మార్చి, అడిగేవారు లేరని తేలాక తొలగిస్తారు.